మూడోసారి సుత్తి పడేలోపు

ఇంగ్లండులోని లింకన్ నగరంలో ఒక హోటల్ హాలు. చివరి వరసలో ఆ దంపతులు కూర్చున్నారు. అతని ఒళ్లో లావుపాటి ఫైలు, ఆమె చేతిలో మడత పెట్టిన చిన్న కాగితం. దాని మీద ఒకటే అంకె: 1,85,000 పౌండ్లు. పాట అది దాటితే అతని చెయ్యి లేవకూడదని ముందు రాత్రే ఇద్దరూ అనుకున్నారు.

తెనాలి పక్క పల్లెలో పుట్టినవాడు అతను. పంచాయతీ చెరువు చేపల వేలం చిన్నప్పుడు ఏటా చూసేవాడు. రచ్చబండ మీద ముందు సర్కారువారి పాట చెప్పేవారు, అక్కణ్నుంచి పైకి పాడుకునేవారు. ఇక్కడ ప్రకటించే గైడ్ ప్రైస్ కూడా అలాంటిదే అనుకున్నాడు మొదట. కాదు. అది అంచనా మాత్రమే. అమ్మేవాళ్లు మనసులో పెట్టుకున్న కనీస ధర, అంటే రిజర్వ్, మామూలుగా దానికి పది శాతం దాకా పైన ఉండొచ్చు. వాళ్లు కొనాలనుకున్న కట్టడానికి గైడ్ ప్రైస్ 1,60,000. అంటే పాట 1,76,000 చేరకపోతే అమ్మకుండా ఆపేయవచ్చు.

అసలు తేడా సుత్తి దెబ్బలో ఉంది. ఇంగ్లండులో మామూలుగా ఇల్లు కొంటే, బేరం కుదిరాక కూడా ఒప్పందాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అందుకే నెలలు పడుతుంది. వేలంలో సుత్తి పడిందంటే ఒప్పందం అయిపోయినట్టే. పది శాతం ధరావతు అప్పుడే కట్టాలి, మిగతాది సాధారణంగా 28 రోజుల్లో. కట్టలేకపోతే ధరావతు పోతుంది. అంత తొందరగా బ్యాంకు అప్పు చేతికి రావడం కష్టం. అందుకే వాళ్లు అద్దెకిచ్చిన ఫ్లాటు అమ్మి, డబ్బు సిద్ధం చేసుకున్నాకే ఈ హాల్లో అడుగుపెట్టారు.

వాళ్లు మనసుపడ్డది ఒక పల్లెలో ప్రిమిటివ్ మెథడిస్టు శాఖవాళ్ల చాపెల్, అంటే క్రైస్తవ ప్రార్థనా మందిరం. ఎర్ర ఇటుక గోడలు, ఎత్తైన కమాను కిటికీలు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1703లో పుట్టిన ఎప్‌వర్త్ ఈ లింకన్‌షైర్‌లోదే. 19వ శతాబ్దంలో ఆ ఉద్యమం చీలికలై, చిన్న పల్లెల్లో కూడా ఎవరి చాపెల్ వాళ్లు కట్టుకున్నారు. కూలీలు, రైతులు చందాలు వేసుకుని కట్టినవే ఎక్కువ. 1932లో ప్రధాన శాఖలు మూడూ ఒక్కటయ్యాయి. ఒకే వీధిలో రెండు చాపెళ్లు మిగిలాయి, జనం ఒకదానికే చాలినంత. ఖాళీ అయినవి గోదాములయ్యాయి, వర్క్‌షాపులయ్యాయి, ఇళ్లయ్యాయి. ఈ చాపెల్‌ను ఇరవై ఏళ్ల కిందట ఎవరో ఇల్లుగా మార్చారు.

లీగల్ ప్యాక్ అనే కాగితాల కట్టను వంటింటి బల్ల మీద పరుచుకుని ఆమె మూడు రాత్రులు చదివింది. ఈ కొనుగోలులో నిజమైన పని ఎవరైనా చేశారంటే ఆమే. ఆ ఆవరణలో మద్యం అమ్మకూడదు, జూదం ఆడించకూడదు అని పాత షరతు ఒకటి కనిపించింది. చాపెళ్ల అమ్మకాల్లో ఇది మామూలే. పెరట్లో నాలుగు సమాధులున్నాయి, బంధువులు వచ్చి చూసుకునే హక్కు రాసి ఉంది. ఆ రెండూ వాళ్లకు ఇబ్బంది అనిపించలేదు. మూడోది అనిపించింది: వెనకవైపు రెండు కిటికీలు ప్లాస్టిక్‌వి, వాటికి అనుమతి ఉన్నట్టు కాగితం లేదు.

చాపెల్ రెండో శ్రేణి వారసత్వ కట్టడం. ఇంగ్లండులో అలాంటి నమోదులు సుమారు 4 లక్షలుంటే, 90 శాతానికి పైగా ఈ శ్రేణివే. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాటి స్వరూపం మార్చడం నేరం. శిక్ష మార్చినవాడికే. కానీ సరిచేయమని వచ్చే నోటీసు మాత్రం ఇప్పటి యజమాని చేతికే వస్తుంది, ఎన్నేళ్లు గడిచినా సరే. ముందు 1,95,000 అని రాసుకున్న అంకెను ఆమె ఆ రాత్రే కొట్టేసి పది వేలు తగ్గించింది.

చూడటానికి వెళ్లినరోజు అతను గోడకు దగ్గరగా నిలబడ్డాడు. అతుకుల్లోని పాత సున్నాన్ని తీసి ఎవరో సిమెంటు పూశారు. సిమెంటు గీతలు గట్టిగా పైకి నిలిచాయి, వాటి మధ్య ఇటుకలే పెచ్చులూడి లోపలికి తరిగిపోయాయి. బొటనవేలు ఆనిస్తే ఎర్రటి పొడి అంటింది. తాత కట్టించిన డంగు సున్నం గోడలు అతనికి గుర్తొచ్చాయి. సున్నం గోడలోని తడిని బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. ఆ తడి ఇటుకలో నిలిచి, చలికాలం గడ్డకట్టి, దాని ముఖాన్ని చీల్చేస్తుంది.

పాట 1,40,000 దగ్గర మొదలైంది. ఆరుగురు ఇద్దరయ్యారు. 1,81,000. అవతలి ఆయన ఒకటిన్నర నిమిషం ఆలోచించి 1,82,000 అన్నాడు. అతను 1,83,000 అన్నాడు. ఒకటోసారి. రెండోసారి. ఆమె కాగితాన్ని పిడికిట్లో బిగించింది. సుత్తి పడింది. 18,300 ధరావతు కట్టి సంతకం చేశారు. అక్కణ్నుంచే భవనానికి బీమా చేయించారు, ఎందుకంటే ఆ ఒప్పందం ప్రకారం ఆ క్షణం నుంచి నష్టం కొన్నవాళ్లదే.

ఇప్పుడు మేస్త్రి సన్నటి ఉలితో సిమెంటు గీకి, వరస తరవాత వరసగా సున్నం నింపుతున్నాడు. వాకిలి పక్కన నేలకు దగ్గరగా కొన్ని ఇటుకల మీద పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి, చందా ఇచ్చినవాళ్లవి. నాచు పట్టిన వాటిని ఆమె మెత్తటి బ్రష్షుతో తుడిచింది. ఆ వరస మాత్రం తాను పక్కన ఉన్నప్పుడే ముట్టుకోమని మేస్త్రికి చెప్పింది. వెనక కిటికీలకు చెక్కవి పెట్టిస్తామని గీతలు గీయించి కౌన్సిల్‌కు పంపారు. జవాబుకు ఎనిమిది వారాల గడువు. ఇంకా మూడు వారాలుంది.