బాపు, బండి, బ్లూటూత్

మా బాపుకు రెండు వరికోత మిషన్లున్నాయి. రెండింటి మీదా ఎర్ర పెయింట్‌తో పెద్ద అంకెల్లో ఫోన్ నంబర్ రాసి ఉంటుంది. బాన్సువాడ చుట్టుపక్కల, నిజాంసాగర్ కాలువ కింద వరి వేసే ఊళ్లలో ఆ నంబర్ చాలామంది ఫోన్లలో 'మిషన్ అన్న' అని సేవ్ అయి ఉంటుంది. కోతల సీజన్ వచ్చిందంటే పొద్దున ఐదింటికి మొదలైన రింగు రాత్రి పదింటి దాకా ఆగదు. వానాకాలం పంటకు అక్టోబర్, నవంబర్. యాసంగికి ఏప్రిల్, మే. ఆ నెలల్లో బాపు కారు బీర్కూర్, నస్రుల్లాబాద్, వర్ని మధ్య గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. డిక్కీలో డీజిల్ క్యాన్లు, బెల్టులు, బ్లేడ్లు. చెవి దగ్గర ఫోన్.

ఆయన ఫోన్ మాట్లాడే పద్ధతి చూస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. ఫోన్‌ను కుడి చెవికీ భుజానికీ మధ్య ఇరికిస్తాడు. తల కుడి వైపు వాలి ఉంటుంది కాబట్టి రోడ్డు కూడా వాలుగానే కనిపిస్తూ ఉండాలి. ఎడమ చెయ్యి గేర్ మీద. కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది, అదీ ఏదైనా నంబర్ రాసుకోవాల్సి రానంత వరకే. నంబర్ రాసుకోవాలంటే స్టీరింగ్ మోకాలికి అప్పజెబుతాడు. "ఆపి మాట్లాడరాదు బాపూ" అంటే, "ఒక్క రింగు ఎత్తకపోతే ఇంకో మిషనోనికి చేస్తరు బిడ్డా. పంట ఆగుతదా?" అంటాడు. అదీ అబద్ధం కాదు. మబ్బు పట్టిందంటే రైతు ఎవరి కోసమూ ఆగడు.

కోతలప్పుడు మా దిక్కు రోడ్లు సగమే రోడ్లు. మిగతా సగం మీద వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తారు. రాత్రయితే మంచు పడకుండా వడ్ల మీద టార్పాలిన్ కప్పుతారు. నల్ల తారు రోడ్డు, నల్ల టార్పాలిన్. హెడ్‌లైట్ వెలుతురులో రెండూ ఒకటే. పోయిన నవంబర్‌లో నేను హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు, రాత్రి ఎనిమిదింటికి బాపుతో పాటు కార్లో మిషన్ దగ్గరికి పోతున్నా. ఎవరో ఎకరానికి ఎన్ని గంటలు పడుతుందని ఫోన్‌లో అడుగుతున్నారు. బాపు లెక్క చెబుతున్నాడు. నా పక్క ముందు టైరు ధడేల్‌మని రాయి ఎక్కింది. బాపు బ్రేక్ తొక్కేసరికి బండి టార్పాలిన్ అంచు మీద ఆగింది. టార్పాలిన్ ఆ చివర నుంచి ఒక మనిషి దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. వడ్లకు కాపలా పడుకున్నాడు. మాకూ ఆయనకూ మధ్య రెండు మీటర్లుంటే ఎక్కువ.

ఆయన తిట్టలేదు. "ఏం గాలేదు గదా?" అని మమ్మల్నే అడిగాడు. రిమ్ము వంగింది. ఫోన్ సీటు కింద పడి ఇంకా "హలో, హలో" అంటూనే ఉంది.

ఆ వారంలోనే కారుకు హ్యాండ్స్‌ఫ్రీ పెట్టించాలని కూర్చున్నా. మా కారు పాతది, బేసిక్ మోడల్. స్టీరియో ఉండాల్సిన చోట ఖాళీ గూడు. అందులో బాపు డీజిల్ రసీదులు కుక్కుతాడు. నా ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్. బాపు ఒక్క గంట పెట్టుకుని తీసేశాడు. "చెవిల పురుగు సొచ్చినట్టున్నది" అన్నాడు. నాకూ అది నచ్చలేదు. వెనక లారీ హారన్ కొడితే వినపడాలి కదా.

రెండు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న ఎఫ్ఎం పరికరం. కొన్ని వందల్లో దొరుకుతుంది. మంచి ఐడియానే, కానీ ముందు కార్లో రేడియో ఉండాలి. పైగా దాని మైక్ సాకెట్‌లోనే, అంటే గేర్ రాడ్ దగ్గర ఉంటుంది. మాట్లాడే నోరు ఒక చోట, వినే చెవి మోకాలి దగ్గర. అవతలివాళ్లకు ఇంజన్ మోత తప్ప ఏం వినిపిస్తుంది?

మూడోది, సరైన బ్లూటూత్ స్టీరియో, విడిగా వైరుతో వచ్చే మైక్, ముందు డోర్లకు రెండు స్పీకర్లు. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి అన్నీ కలిపి మూడున్నర వేలకు తెచ్చా. కొనేటప్పుడు ఒకే విషయం గట్టిగా అడిగా: బయటి మైక్‌కు విడిగా సాకెట్ ఉందా అని. చాలా చవక స్టీరియోల్లో మైక్ ముందు ప్యానెల్ మీదే చిన్న రంధ్రంలో ఉంటుంది. డిస్‌ప్లే సైజు చూసి మురిసిపోయే ముందు ఆ రంధ్రం ఎక్కడుందో చూసుకోండి.

బాన్సువాడలో మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ అన్న ఒకాయన ఉన్నాడు. ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు, ఏదైనా చూస్తాడు. నేను డబ్బా విప్పి వైరింగ్ పేపర్ తీయగానే, "అది లోపల పెట్టు అక్కా, రంగులు నాకెరుకే" అన్నాడు. నిజంగానే ఎరుక. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎప్పుడూ కరెంటు ఉండాలి. స్టీరియో సెట్టింగులు మరిచిపోకుండా ఉండేది దానివల్లే. ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు జతలు ముందు స్పీకర్లకు. ఎర్రదీ పసుపుదీ కలిపి బ్యాటరీకి ఇస్తే తాళం తీసినా స్టీరియో నిద్రపోదు, రాత్రంతా బ్యాటరీ తాగుతుంది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన నేను టార్చ్ పట్టుకుని నిలబడ్డా. ఆయన నోట్లో స్క్రూలు పెట్టుకుని టెస్ట్ ల్యాంప్‌తో ఒక్కో వైరు తేల్చాడు.

అసలు కష్టం మైక్ దగ్గర వచ్చింది. అద్దం పక్కన స్తంభం మీద పెడితే కిటికీ గాలి. డ్యాష్‌బోర్డ్ మధ్యలో పెడితే ఏసీ గాలి. బాపు ఏసీ వేయడు, కిటికీ మూయడు. చివరికి స్టీరింగ్ కింద గొట్టం మీద, మీటర్ ముందు బిగించాం. టెస్ట్ చేయడానికి ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశా. "మీ బాపు బావిల పడ్డడా?" అంది.

ఎందుకలా అంటే, స్పీకర్‌లోంచి వచ్చిన అమ్మ మాట కారంతా తిరిగి మళ్లీ మైక్‌లోకి పోతుంది. అలా తన మాట తనకే వినపడకుండా స్టీరియోలో ఉన్న చిప్ లెక్క వేస్తుంటుంది: స్పీకర్‌కు తను పంపిన శబ్దం తనకు తెలుసు కాబట్టి, మైక్‌లో వచ్చిన దాంట్లోంచి దాన్ని తీసేస్తుంది. కానీ స్పీకర్ సౌండ్ మరీ పెంచితే ఆ శబ్దం వంకర్లు పోతుంది, లెక్క తప్పుతుంది. వాల్యూమ్ తగ్గించగానే బాపు బావిలోంచి బయటికొచ్చాడు. పాట ఎంతో బాగా వచ్చే అదే స్పీకర్‌లో ఫోన్ మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఎందుకుంటుందంటే, బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, కాల్‌కు ఇంకో దారి. పాటకు సెకనుకు 44,100 శాంపిళ్లు పోతే, పాత పద్ధతి కాల్‌కు పోయేవి 8,000 మాత్రమే. కొత్త సెట్లలో 16,000. మాది ఏదో మీరే ఊహించుకోండి.

ఇంకో తలనొప్పి, ఆక్సిలేటర్ తొక్కినకొద్దీ స్పీకర్‌లో దోమలా 'ఊఁ...' అని పెరిగే మోత. అది ఆల్టర్నేటర్ పాట. ఎర్త్ సరిగా లేనప్పుడు వస్తుంది. అన్న నల్ల వైరు విప్పి, బాడీ మీద పెయింట్ గీకి, ఉత్త ఇనుముకు బిగించాడు. దోమ చచ్చింది. ఆయన కూలి ఐదొందలు. నేను ఇంకో వంద ఇవ్వబోతే తీసుకోలేదు గానీ, "ఫోన్‌ల సప్పుడు తక్కువస్తున్నది, జర చూడక్కా" అని తన ఫోన్ చేతిలో పెట్టాడు.

మొదటి వారం బాపు సంబరం చూడాలి. రెండు చేతులూ స్టీరింగ్ మీద, తల నిటారుగా. కాకపోతే ఇప్పుడు ఆయన కాల్స్ కార్లో అందరికీ వినిపిస్తాయి. లిఫ్ట్ ఎక్కిన ఊరాయన ముందే ఎవరో "అన్నా, వాడు పోయినేడాది బాకీ ఇంకా ఇయ్యలే" అని మొదలుపెడితే, ఆ వాడు పక్క సీట్లోనే ఉండొచ్చు. ఒకసారి ఉన్నాడు కూడా. ఆటో ఆన్సర్ సెట్టింగ్ వెంటనే తీసేశా.

నేను హైదరాబాద్ పోయాక ఇంకో విషయం అర్థమైంది. బాపు ఇప్పుడు ఇంతకుముందు కంటే ఎక్కువసేపు మాట్లాడుతున్నాడు. మెడ నొప్పి లేదు కదా, పెట్టేయాలన్న తొందరా లేదు. చట్టం దృష్టిలో ఆయన ఇప్పుడు మంచి డ్రైవరే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184లో చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందకి వచ్చింది. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఆ సవరణలో ఉన్న మాట చేతిలో పట్టుకునే పరికరాల గురించే. రాయికీ టార్పాలిన్‌కీ మాత్రం ఆ తేడా తెలీదు.

కెనడాలోని టొరంటోలో 699 మంది డ్రైవర్ల ఫోన్ రికార్డులు, వాళ్లకు జరిగిన యాక్సిడెంట్లు పక్కపక్కన పెట్టి చూసిన ఒక పరిశోధన 1997లో వచ్చింది. ఫోన్ మాట్లాడేటప్పుడు ప్రమాదం అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఉందని తేల్చారు. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకు ప్రత్యేకంగా భద్రత ఏమీ కనిపించలేదట. తర్వాత 2006లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ స్ట్రేయర్ బృందం సిమ్యులేటర్‌లో పరీక్షించినా అదే కథ: ఫోన్ చేతిలో ఉన్నా లేకున్నా బ్రేక్ వేయడం ఆలస్యమే అయింది. చేతులు ఖాళీ అవుతాయి, తలకాయ కాదు.

మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడితే? దీన్ని కూడా అదే యూనివర్సిటీలో చూశారు, 2008లో. పక్కనున్న మనిషి కూడా రోడ్డు చూస్తుంటాడు. ట్రాఫిక్ ఎక్కువైతే మాట ఆపేస్తాడు, మలుపొస్తే చూపిస్తాడు. ఇది చదవగానే నాకు అమ్మ గుర్తొచ్చింది. కార్లో కూర్చుంటే ఊళ్లో అందరి ముచ్చట్లూ చెబుతుంది. ఎదురుగా బర్రెల మంద కనిపించగానే టక్కున ఆపేస్తుంది, అవి దాటాక అదే వాక్యం నుంచి మొదలుపెడుతుంది. ఫోన్‌లో ఎకరాల లెక్క అడిగే రైతుకు బర్రెలు కనిపించవు.

నాకొచ్చిన మొదటి ఆలోచన సాఫ్ట్‌వేర్‌దే, ఇంకేం వస్తుంది! కారు బ్లూటూత్ తగిలినప్పుడు మిస్డ్ కాల్ వస్తే దానంతటదే ఎస్సెమ్మెస్ పోయేలా బాపు ఫోన్‌లో పెట్టా. 'బండి నడుపుతున్న, ఆపినంక చేస్త.' తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే, ఇంగ్లీషైతే 160. అందుకే పొట్టిగా రాశా. కానీ పొలం గట్టు మీద నిలబడ్డ మనిషి ఎస్సెమ్మెస్ చూస్తాడా? మళ్లీ రింగే. మూడోసారికి బాపు ఎత్తేస్తాడు.

దారి చూపింది అమ్మ. "ఆ సిమ్ము నా ఫోన్ల ఎయ్యండి. నేను ఎత్తుత" అంది. బాపు ముఖం మాడింది. "ఇరవై ఏండ్ల నంబర్. అందరు నన్నే అడుగుతరు." "అడిగితే అడగనీ. ఏ ఊరు, ఎన్నెకరాలు, ఎన్నడు. గింతే గదా? రాసుకుంట." రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు బాపే సిమ్ తీసి టీవీ పక్కన పెట్టాడు.

ఈ యాసంగి మొత్తం ఆ నంబర్ అమ్మ దగ్గరే ఉంది. లాంగ్ నోట్‌బుక్‌లో ఊరికో పేజీ. ముందు ఫోన్ చేసినవాళ్లకు ముందు అనేది బాపు పద్ధతి. అమ్మ అలా కాదు, ఒకే ఊళ్లోని పొలాలన్నీ ఒక్క రోజుకే కలుపుతుంది. చైన్ మిషన్‌ను ఊరు మార్చాలంటే బండి మీద ఎక్కించాలి, అదంతా దండగ ఖర్చు. మా ఆఫీసులో డెలివరీ రూట్ల కోసం మేం కోడ్ రాసేది సరిగ్గా ఇందుకే. నేను నెల రోజులు మీటింగుల్లో నేర్చుకున్నది ఆమె కంది పప్పు ఏరుతూ చేస్తోంది. మొదట్లో "అన్న లేడా?" అని పెట్టేసినవాళ్లే ఇప్పుడు "అక్కా, మా ఊరికెన్నడు?" అంటున్నారు.

బాపు సొంత నంబర్‌కు అమ్మ అర్జెంటైతే రెండు రింగులిచ్చి కట్ చేస్తుంది. ఆయన బండి పక్కకు ఆపుకుని తిరిగి చేస్తాడు. ఎప్పుడూనా అంటే, ఎప్పుడూ కాదు. ఖాళీ రోడ్డు అయితే స్టీరియోలోనే ఎత్తుతాడట, నాకు చెప్పొద్దని అమ్మకు చెప్పాడట. అలాంటప్పుడు "నేను నడుపుతున్నా, తర్వాత" అనే నాలుగు మాటలకు మాత్రం ఆ మైక్ పనికొస్తోంది. తక్కువేం కాదు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ మళ్లీ కనిపించలేదు.

కోతల దుమ్ముకు, పొట్టుకు మైక్ మీది స్పాంజి టోపీ ఊడిపోయింది. వచ్చే వారం ఊరికి పోతూ కొత్తది తీసుకుపోవాలి, ఇరవై రూపాయలది. బాపు మాత్రం వెనక డోర్లకు కూడా స్పీకర్లు తెమ్మంటున్నాడు. పాటలకట.