కరీంనగరమున వెండిపరీక్ష

మానేటి యొడ్డున ఎలగందులలో పుట్టి, పిమ్మట కరీంనగరమునకు తరలివచ్చి, 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన వెండితీగపనిని చూడబోయిన నా దృష్టిని మొదట పట్టి నిలిపినవి అత్తరుదానులును పానుదానులును గావు. గోడవార నున్న కుంపటియు, రంధ్రముల వరుసలతో నున్న ఉక్కు కమ్మచ్చును.

"రాగి గలిస్తె తీగె సాగది సారూ, నడుమల్నే తెగుతది" అనెను వృద్ధశిల్పి యొకడు. కడ్డీని పెద్దరంధ్రమునుండి చిన్నదానికి, అందుండి మరింత చిన్నదానికి పటకారుతో లాగుచు, నడుమనడుమ కాల్చి మెత్తబరచుచు, తుదకు వెండ్రుకవలె సన్నగించి, రెండు పోగులకు పురిపెట్టి చదును చేయువరకు, ఆ లోహమునకు జరుగునది యెడతెగని పరీక్షయే.

అంతకు ముందే మూసలో మరియొక పరీక్ష గలదు. 962 డిగ్రీల వేడిమిని కరగిన శుద్ధరజతము, గాలి తగులుచుండినచో, తన ఘనపరిమాణమునకు ఇరువది రెట్ల ప్రాణవాయువును త్రాగి, గడ్డకట్టునప్పుడు దానిని వెడలగ్రక్కును. పైపొర పగిలి వెండి చింది మొటిమలు లేచును. రాగి కలసినచో నా వాయువును రాగియే పట్టుకొనును గాన ఈ చిందుట యుండదు. లోహశుద్ధిని ఒక వాయువు చాటుట యెంత యద్భుతము!

బంగారమునకు నమ్మదగిన ఒరగల్లు వెండివిషయమున నంతగా నమ్మదగినది గాదు. నేటి ఎక్స్‌రే యంత్రము క్షణములలో అంకె చెప్పును గాని, అది పైపొరను మాత్రమే చదువును. ఆమ్లములో మరగించి శుభ్రపరచిన వస్తువు ఉపరితలమున రాగి కరగిపోయి వెండి పాలు హెచ్చియుండును. అందుచే నిశ్చయము గోరువారు, గే-లుసాక్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1832లో వెలువరించిన మార్గముననుసరించి, కొంత లోహమును తూచి నత్రికామ్లమున కరగించి, తెలిసిన గాఢత గల ఉప్పునీటిని పోయుదురు. వెండి తెల్లని గసిగా దిగును. ఇక గసి దిగదనునంతవరకు పట్టిన ఉప్పును బట్టి వెండిని లెక్కింతురు.

తీగ యెంత స్వచ్ఛమైనను, పూలను చట్రమున కతుకుటకు వెలిగారముతో చల్లు టంకపుపొడిలో రాగి మొదలగు అన్యలోహము తప్పదు, లేకున్న నది తీగకు ముందుగా కరగదు. వేయింట 925 పాళ్లని ముద్ర వేయునప్పుడు టంకమును లెక్కలో చేరును. వేలకొలది అతుకులు గల యీ పనిలో టంకమును పొదుపుగా చల్లుటయే నాకు అన్నిటికంటె కష్టమైన విద్యగా కనబడినది.