నాలుగు ఔన్సుల కత్తి

వీపున మూట కట్టుకొని పది రోజులపాటు అడవిలో తిరిగి రావడానికి బయలుదేరే మనిషికి మొదటి పరీక్ష ఇంట్లోనే, మూట సర్దుకొనే వేళ ఎదురవుతుంది. గడప దాటనంతవరకు ప్రతి వస్తువూ అత్యవసరంగానే కనిపిస్తుంది. కొండ ఎక్కడం మొదలైన తరువాత, రెండవ రోజు మధ్యాహ్నానికి, అందులో సగం ఎందుకు మోసుకువచ్చినట్లో అర్థం కాదు. ఆ మూటలో కత్తి ఆక్రమించే చోటు బహు స్వల్పం. అయినా దాని విషయంలో పొరబడడం చాలా సులభం. దుప్పటి కొనేటప్పుడు మనిషి చలిని తలచుకొంటాడు. బూట్లు కొనేటప్పుడు పాదాన్ని తలచుకొంటాడు. కత్తి కొనేటప్పుడు మాత్రం పులితో తలపడుతున్న తన రూపాన్ని ఊహించుకొంటాడు.

ఈ పొరపాటును పసిగట్టి, దానిని సరిదిద్దే మార్గాన్ని కొలతలతో సహా వ్రాసిపెట్టినవారిలో హొరేస్ కెఫార్ట్ ముఖ్యుడు. ఆయన వృత్తిరీత్యా వేటగాడు కాడు, సైనికుడు కాడు, గ్రంథాలయాధికారి.

కెఫార్ట్ 1862లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించాడు. కార్నెల్, యేల్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో పనిచేసిన అనంతరం, 1890లో సెయింట్ లూయిస్ నగరంలోని మర్కంటైల్ గ్రంథాలయానికి అధిపతి అయ్యాడు. అమెరికా పశ్చిమ ప్రాంతాలకు వలసపోయిన తొలి తరాల చరిత్రకు సంబంధించిన గ్రంథాలను ఏరి కూర్చి, ఆ విషయంలో ప్రామాణికుడనే పేరు గడించాడు. ఆ పుస్తకాలలో చదివిన జీవితమే క్రమంగా ఆయనను కుర్చీలో నిలవనీయలేదు. అడవిలో గడిపే రోజులు పెరిగాయి, తాగుడు పెరిగింది, కొలువు మీద శ్రద్ధ సన్నగిల్లింది. 1903లో పదవి విడిచాడు. 1904లో మనసు చెదిరి కుప్పకూలాడు. భార్య లారా ఆరుగురు పిల్లలతో ఇథాకా పట్టణం చేరింది. ఆ ఏడాదే ఆయన నార్త్ కరోలినా రాష్ట్రపు పశ్చిమాన ఉన్న స్మోకీ పర్వతాలకు వెళ్ళి, హేజెల్ క్రీక్ అనే వాగు ఎగువన, మూతపడిన రాగి గనికి చెందిన చిన్న చెక్క ఇంటిలో ఒంటరిగా కాపురం పెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై రెండేళ్ళు.

రెండేళ్ళ తరువాత, 1906లో, అడవిలో గుడారం వేసుకొని బ్రతకడం గురించి ఆయన వ్రాసిన గ్రంథం వెలువడింది. 1916, 1917 సంవత్సరాలలో అది రెండు సంపుటాలుగా పెరిగింది. వంట, నిప్పు, పడక, దారి గుర్తులు మొదలైనవాటి నడుమ అందులో కత్తికి దక్కిన చోటు కొద్ది పుటలే. అయితే ఆ కొద్ది పుటలే నేటికీ కత్తి ఎంపికకు కొలబద్దగా నిలిచాయి.

ఆ రోజులలో వేటకత్తి అనగానే అమెరికనులకు బౌయీ కత్తి గుర్తుకు వచ్చేది. జేమ్స్ బౌయీ అనే సాహసికుడు 1836లో అలమో కోట పోరాటంలో మరణించాడు. చౌకబారు నవలలు ఆయన పేరుతో పాటు ఆయన కత్తిని కూడా ఇంటింటికీ చేర్చాయి. పొడవైన, దళసరి అలుగు. పిడి దగ్గర అడ్డుకమ్మి. పొడవడానికి అనువైన మొన. కెఫార్ట్ ఆక్షేపణ చాలా సూటి అయినది. అడవిలో ఉండే మనిషికి ఎవరినైనా పొడవవలసిన అవసరం దాదాపుగా రాదు. రోజూ చేయవలసిన పనులు వేరు. మాంసం కోయాలి, చేపను శుభ్రం చేయాలి, రొట్టె ముక్కలు చేయాలి, త్రాడు తెంచాలి, పచ్చి కొమ్మను చెక్కి గుడారపు మేకు చేయాలి, వానలో తడిసిన కట్టె లోపలి పొడి భాగాన్ని సన్నగా చీల్చి నిప్పు రాజేయాలి. ఈ పనులలో ఒక్కదానికీ దళసరి అలుగు పనికిరాదు.

అందుచేత ఆయన కత్తి అలుగు పొడవు 4½ అంగుళాలు, పిడి పొడవు కూడా అంతే. అలుగు వెడల్పు 1 అంగుళం. వెన్ను దగ్గర మందం అంగుళంలో ఎనిమిదవ వంతు. అలుగు ఉక్కు పిడి మొదట ఆగిపోక, పిడి పొడవునా సాగి, ఇరువైపులా చెక్కలతో బిగించబడి ఉంటుంది. పిడి చెక్క తేలికైనది, గట్టిది. అంచులు లేక గ్రుడ్డు ఆకారంలో నునుపుగా ఉంటుంది కనుక గంటసేపు చెక్కినా అరచేతిలో బొబ్బలు లేవవు. వేళ్ళు వాదర మీదికి జారకుండా క్రింది వైపున చిన్న బుడిపె ఉంటుంది. పై వైపున అడ్డు ఏదీ లేదు, ఉంటే పనికి అడ్డమే. పిడి బరువైతే మనిషి వంగినప్పుడు కత్తి ఒరలోనుంచి జారిపోతుంది. అందుకే అది తేలికగా ఉండి, ఒరలో బిగుసుకొని నిలిచేలా ముందు వైపుకు సన్నగిల్లుతుంది. ఇన్నీ కలిసి కత్తి బరువు 4 ఔన్సులు, అనగా సుమారు 113 గ్రాములు.

పిడిలోనికి ముడుచుకొనే కత్తి ఇంకా తేలిక కదా అన్న సందేహం సహజం. కెఫార్ట్ దానిని కాదనలేదు. జేబులో అదీ ఉండాలన్నాడు. అయితే ముడత కత్తికి కీలు బలహీనత. బరువు పడితే ముందు సడలేది అదే; మట్టి, కొవ్వు, నెత్తురు పేరుకొనేదీ అక్కడే. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, ఒక చేత కొమ్మ పట్టుకొని, రెండవ చేత తెరవవలసిన కత్తి ఎంత పదునైనదైనా అందరానిదే. మడతపడని కత్తి ఒరలోనుంచి తీయగానే పనికి సిద్ధం.

కొలతలకంటె ఆయన ఎక్కువ శ్రద్ధ పెట్టినది ఉక్కు పదును మీద. పచ్చి గట్టి కలపను కోయగలిగినంత కఠినంగా ఉండాలి. ముడికో ఎముకకో తగిలినప్పుడు వాదర పెట్లిపోకుండా, తప్పనిసరి అయితే కొద్దిగా మడతపడేటంత మెత్తగానూ ఉండాలి. మడతపడిన వాదరను అడవిలో సానరాయి బాగుచేస్తుంది. పెట్లినదానికి కొలిమే గతి. ఎర్రగా కాల్చి నీటిలో ముంచిన ఉక్కు గాజువలె పెళుసుగా ఉంటుందనీ, దానిని తిరిగి మెల్లగా వేడి చేస్తే మెరుగుపెట్టిన ఉక్కు మీద ఎండుగడ్డి వన్నె, గోధుమ వన్నె, ఊదా, నీలం క్రమంగా పరచుకొంటాయనీ, ఏ వన్నె దగ్గర ఆపాలో పనిని బట్టి నిర్ణయించుకోవాలనీ ఏ ఊరి కమ్మరికైనా తెలుసు. కెఫార్ట్ కత్తిని చేసినది కూడా ఒక పల్లెటూరి కమ్మరియే. చూడడానికి అది అనాకారి అని ఆయనే ఒప్పుకొన్నాడు. దానితో పోటీకి నిలిచిన ఇరవై దాకా కత్తులు పక్కకు తప్పుకొన్నాయనీ, అవన్నీ కలిసి చేసిన పనికంటె ఇది ఎక్కువ చేసిందనీ కూడా చెప్పాడు. ఆ కమ్మరి పేరు మాత్రం ఆ వర్ణనలో లేదు.

చరిత్ర చదివినవారికి ఇందులో వింత కనిపించదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలోనూ, నిర్మల్ పరిసరాలలోనూ ఒకప్పుడు మూసలలో కరగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు ఖడ్గాలుగా మారి దేశదేశాల కావ్యాలకూ ప్రదర్శనశాలలకూ ఎక్కింది. అదే ప్రాంతంలో కమ్మరులు తరతరాలుగా చేసి ఇచ్చిన కొడవళ్ళు, కత్తులు ఏ అద్దాల బీరువాలోనూ కనిపించవు. వాడిన కొద్దీ సానకు అరిగి, అరిగినది తిరిగి కొలిమికి చేరి, మరొక పనిముట్టుగా మారిపోవడమే వాటి కథ. వాడనివి మిగిలాయి, వాడినవి మిగలలేదు.

ఒక్క కత్తి అన్ని పనులకూ చాలదన్నది కెఫార్ట్ ఒప్పుకొన్న రెండవ సత్యం. ఆయన గ్రంథాన్ని అంకితం పొందినది 'నెస్మక్' అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన జార్జ్ వాషింగ్టన్ సియర్స్. ఆయన 1884లోనే ఒక చిన్న గొడ్డలి, ఒక ఒరకత్తి, ఒక జేబుకత్తి అనే త్రయాన్ని సూచించాడు. నరకడం గొడ్డలి వంతు, కోయడం ఒరకత్తి వంతు, సున్నితమైన పని జేబుకత్తి వంతు. నేపాల్ కుకురీలో ఇదే బుద్ధి మరొక రూపంలో కనిపిస్తుంది. ముందుకు వంగి, కొస వైపు బరువెక్కిన దాని అలుగు సగం గొడ్డలే. దాని ఒర వెనుక రెండు చిన్న పనిముట్లు దాగి ఉంటాయి: సన్నని పనికి కర్దా అనే చిన్న కత్తి, వాదర సరిచేయడానికీ చెకుముకి రాతి మీద నిప్పు రాల్చడానికీ పదును లేని చక్‌మక్. ఒకరినొకరు ఎరుగని రెండు కొండజాతుల అనుభవం ఒకే తీర్పుకు వచ్చింది.

ఇటీవలి తరంలో ఈ తీర్పు కొంత మారింది. కెనడాకు చెందిన మార్స్ కొచాన్‌స్కీ, 2019లో మరణించేవరకు, స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారయ్యే తక్కువ ఖరీదు కత్తులకు విశేష ప్రచారం కల్పించాడు. వాటి అలుగు కూడా సుమారు 4 అంగుళాలే. మరొక వైపు, బరువు తగ్గించుకోవడానికి గొడ్డలిని ఇంట వదిలి, దాని పనిని కత్తికి అప్పగించే అలవాటు పెరిగింది. కత్తిని కట్టె మీద నిలిపి, వెన్ను మీద కర్రతో మోది, కట్టెను చీలుస్తారు. అందుకు దళసరి అలుగు కావాలి. దళసరి అలుగు కూరగాయ కోయదు, పగులగొడుతుంది. ఉక్కు విషయంలోనూ ఇటువంటి బేరమే ఉంది. కర్బనపు ఉక్కు సులభంగా పదునెక్కుతుంది, వెన్ను మీద చెకుముకి రాయి గీస్తే నిప్పురవ్వలు రాల్చుతుంది. కాని ఒక్క రాత్రి తడిలో త్రుప్పు పడుతుంది. త్రుప్పు పట్టని ఉక్కుకు ఆ బాధ లేదు. నిప్పు రాల్చే గుణమూ లేదు. వానలో, సముద్రపు గాలిలో తిరిగేవారు ఒకటి కోరుకొంటారు. పొడి చలిలో తిరిగేవారు మరొకటి. అన్నీ సరిపడే కత్తి లేదు. ఏ పని కోసమో తెలిసినవాడికి సరిపడే కత్తి ఉంది.

ఇంత వివేకం చూపిన మనిషి జీవితాన్ని ఇక్కడితో వదిలివేస్తే కథ అందంగానే ఉంటుంది. కాని అది సగం కథ. ప్రతి ఔన్సునూ తూచి, అనవసరమైన దానిని మూటలోనుంచి నిర్దాక్షిణ్యంగా తీసివేసిన కెఫార్ట్, ఆరుగురు పిల్లల భారాన్ని పూర్తిగా లారా వీపు మీద పెట్టాడు. ఆయన నాలుగు ఔన్సుల కత్తితో కొండలెక్కుతున్న కాలంలో ఆమె ఇథాకాలో పిల్లలను పెంచింది. తాగుడు ఆయనను కొండల మీద కూడా విడిచిపెట్టలేదు. ఏది అవసరం, ఏది కాదు అన్న ప్రశ్నను ఇనుము విషయంలో అంత నిజాయితీగా వేసుకొన్న మనిషి, సీసా విషయంలో వేసుకోలేకపోయాడు. ఆయన గ్రంథాల విలువను ఇది తగ్గించదు; గ్రంథాల విలువ దీనిని కడిగివేయదు.

తరువాతి జీవితంలో ఆయన తిరిగి ఇచ్చిన ఋణం కూడా ఉంది. హేజెల్ క్రీక్ లోయలోకి కలప సంస్థలు వచ్చి, ఆయనకు ఆశ్రయమిచ్చిన మహారణ్యాన్ని నరికివేశాయి. అది చూసిన కెఫార్ట్ ఆ పర్వతాలను జాతీయ వనంగా కాపాడాలని పత్రికలలో వ్రాశాడు. జపానులో పుట్టిన ఛాయాగ్రాహకుడు జార్జ్ మాసా చిత్రాలు ఆ వ్రాతలకు తోడయ్యాయి. 1926లో అమెరికా శాసనసభ అనుమతి లభించింది. కెఫార్ట్ 1931 ఏప్రిల్ 2న బ్రైసన్ సిటీ సమీపంలో కారు ప్రమాదంలో మరణించాడు. వనం 1934లో ఏర్పడింది. అందులోని ఒక శిఖరానికి ఆయన పేరు ఉంది. ఆ వనం కోసం కొండ రైతులు ఇళ్ళు విడిచిపోవలసి వచ్చిందన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. వాకర్ అక్కచెల్లెళ్ళ వంటి కొందరికి మాత్రమే బ్రతికినంతకాలం అక్కడే ఉండే హక్కు దక్కింది. నేడు ఆ అడవిలో బ్రతికి ఉన్న చెట్టు మీద వాదర మోపడం నిషిద్ధం. కెఫార్ట్ కత్తి ఆయన కోరి తెచ్చిన నిబంధనకే లోబడింది.

భారతదేశంలో కత్తి మీద రెండు చట్టాల చూపు ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికీ సేద్యానికీ ఉద్దేశించిన పనిముట్లను ఆయుధాలుగా ఎంచదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాన్ని నిర్వచిస్తూ విల్లంబులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులను కూడా పేర్కొంది. ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే వాటితో అభయారణ్యంలో అడుగు పెట్టరాదు. వంటింటిలో పనిముట్టు అయినది అడవి గడప దగ్గర ఆయుధమవుతుంది. పైకి ఇది వైరుధ్యంగా తోచినా, రెండు చట్టాలూ అడుగుతున్నది ఒకటే: ఇది ఏ పని కోసం?

అనుమతి కోరుతూ అర్జీ వ్రాసే యాత్రికుడు ఆ గడిని నింపడానికి ఒక్క క్షణం ఆగితే, కత్తి ఎంపిక సగం పూర్తయినట్లే. అక్కడ వ్రాయడానికి మాట దొరకకపోతే దానిని ఇంట వదిలి వెళ్ళవచ్చు. మూట మరో నాలుగు ఔన్సులు తగ్గుతుంది.