కాళింది వేషం వేసిన పిల్ల

భానుమతి అనగానే మీలో చాలామందికి అత్తగారే గుర్తొస్తారు. ముక్కు మీద కోపం, మాటలో ఎకసెక్కెం, ఎదురుగా ఎంతటి హీరో నిలబడ్డా సీను లాగేసుకుపోయే ఆ ఠీవి! మొదట్లో నాకూ అంతే. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. పర్చూరు దగ్గర మా ఊరు. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు. పొద్దుణ్ణించీ మిరపకాయలు కోసిన చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఆ చేతులతోనే తప్పట్లు కొడుతున్నాను.

పక్కనే కూర్చున్న మా నాయనమ్మ నా చెవిలో, “ఈవిడ మన దొడ్డవరం పిల్లేనే!” అంది, సొంత మేనకోడలి గురించి చెప్పినట్టు.

దొడ్డవరం ఒంగోలు పక్కనే. భానుమతి పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా. ప్రకాశం జిల్లా 1970లో గదా ఏర్పడింది! తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి పాట నేర్పింది ఆయనే. పదిహేనేళ్లు నిండకుండానే ఆ పిల్ల 1939లో సి. పుల్లయ్యగారి ‘వరవిక్రయం’లో కాళింది అయింది.

ఆ కాళింది మా ఇంటికొచ్చిన రాత్రి సంగతి చెప్పడానికే ఇదంతా.

1987లో పత్తికి తెల్లదోమ తగిలింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఆ మాట మెల్లగా అంటారు. మందు మీద మందు కొట్టారు. కొట్టేకొద్దీ దోమ పెరిగిందే గాని తగ్గలేదు. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్నకి సొంత పొలం మూడెకరాలు, కౌలుకి ఇంకో అయిదు. పురుగుమందుల కొట్లో బాకీ ఎంతో మా అమ్మకి కూడా చెప్పలేదాయన.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఓ రాత్రి అన్నాలయ్యాక నాన్న మెల్లగా అన్నాడు: “చెరువు కింద ఎకరం బేరం పెట్టా. ఆ డబ్బుతో అమ్మాయి పెళ్లి చేసేద్దాం. ఒక బరువన్నా దిగుద్ది.”

నేను గోడ కానుకుని కూర్చున్నాను. నోరు పెగల్లేదు. అమ్మ గిన్నెలు సర్దడం ఆపేసింది.

నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. “ఒరే అబ్బాయ్, వరవిక్రయం కథ తెలుసా నీకు?”

“ఈ రాత్రప్పుడు సినిమావాళ్ల ఊసేందమ్మా?” అని విసుక్కున్నాడు నాన్న.

“సినిమావాళ్ల ఊసు కాదురా. పొలమమ్ముకున్న తండ్రి ఊసు.”

కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం అది. కూతురి కట్నం కోసం తండ్రి భూమి అమ్ముతాడు. తన మూలంగా ఇల్లు గుల్లవుతోందని కాళింది బావిలో పడి చచ్చిపోతుంది. అదంతా చెప్పి, ఆఖర్న నాయనమ్మ ఇలా అంది:

“కాళింది బావిలో పడింది. ఆ వేషం వేసిన పిల్ల మాత్రం చండీరాణి తీసింది. నీ కూతుర్ని ఏ దోవన పంపుతావో నువ్వే చెప్పు.”

నాన్న మాట్లాడలేదు. కండువా దులుపుకుని బయటికెళ్లి కల్లం దగ్గర పడుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక నావైపు చూడకుండానే, “పరీక్ష ఫీజెంతే?” అని అడిగాడు.

‘చండీరాణి’ 1953 నాటి సినిమా. నాయనమ్మ ఎడ్లబండి మీద చీరాల వెళ్లి చూసొచ్చిందట. బొమ్మ వేస్తూ పేర్లు పడేటప్పుడు దర్శకత్వం భానుమతి అని ఎవరో చదివి చెబితే, ఆడది సినిమా తీయడమేందని నమ్మలేదట. నిజమే మరి! తెలుగులో అంతకుముందు ఏ మహిళా దర్శకురాలిగా పేరు వేయించుకోలేదు. అదీ ఒక్క భాషలో కాదు. తెలుగు, తమిళం, హిందీ మూడూ ఒకేసారి! హీరో ఎన్టీ రామారావు. నాయిక తనే, ద్విపాత్రాభినయం. అంటే కెమెరా వెనక దర్శకురాలు, ముందు ఇద్దరు అక్కచెల్లెళ్లు. మాటలున్న సన్నివేశమైతే మూడు భాషల్లో మూడుసార్లు. సంగీతం చేస్తున్న సి.ఆర్. సుబ్బరామన్ 1952లో మధ్యలోనే కన్నుమూస్తే, ఆయన శిష్యుడు ఎమ్మెస్ విశ్వనాథన్ పూర్తి చేశారు.

తర్వాతెప్పుడో టీవీలో నేనూ చూశాను. దాచుకోకుండా చెబుతున్నా, నాయనమ్మ చెప్పిన చండీరాణే ఇంకా బాగుంది! కథ సాగదీత. కానీ ఆ పేరు పడ్డప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది.

ఆవిడ దోవ పూలబాటేమీ కాదు. సహాయ దర్శకుడు రామకృష్ణారావుగారిని 1943లో పెద్దల ఇష్టానికి ఎదురెళ్లి చేసుకుంది. సినిమాలొద్దని ఇంట్లో కూర్చుంటే ‘స్వర్గసీమ’ (1945) మళ్లీ పిలిచింది. కొడుకు పేరున భరణీ పిక్చర్స్ పెట్టారు భార్యాభర్తలు. తమిళులకీ ఆవిడ సొంత మనిషే. నటనకే వ్యాకరణమని అన్నాదురైగారు బిరుదిచ్చారు. ఆత్మాభిమానానికి ఖరీదు కూడా కట్టింది. మాట తేడా వచ్చి ‘మిస్సమ్మ’ (1955) వదులుకుంది. ఆ వేషం సావిత్రిని ఎక్కడికి తీసుకెళ్లిందో మీకు తెలుసు. ఎంజీఆర్ ‘నాడోడి మన్నన్’ (1958) లోంచీ మధ్యలోనే తప్పుకుంది. అయినా 1972లో ‘అంతా మన మంచికే’, 1982లో అందరూ పిల్లలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీస్తూనే ఉంది. ఈ సందట్లోనే ‘అత్తగారి కథలు’ రాసి నవ్వించింది.

మా ఎకరం సంగతి అడుగుతారేమో. నిలవలేదు. మరుసటి ఏడే పురుగుమందుల బాకీ కింద పోయింది. కాకపోతే నా పెళ్లి పేరున పోలేదు. నేను డిగ్రీ చదివి, బి.ఇడి. చేసి, లెక్కల టీచర్నయ్యాను. పెళ్లి ఇరవై ఆరో ఏట, కట్నం లేకుండా. నాయనమ్మ అది చూడకుండానే 1993లో పోయింది.

2005 డిసెంబరు 24న భానుమతి చెన్నైలో కన్నుమూశారు. మర్నాడు క్రిస్మస్ సెలవు. ఊరెళ్లేసరికి నాన్న అరుగు మీద పేపరు మడిచి పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

“దొడ్డవరం ఆవిడ పోయిందంటమ్మాయ్. మీ నాయనమ్మ ఉంటే ఇయ్యాల అన్నం తినేది కాదు.”

సినిమావాళ్ల ఊసు గిట్టని మా నాన్న కూడా ఆ మధ్యాహ్నం అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.