తుమ్మెదకో బొంగు, తేనెటీగకో బెజ్జం

గులాబీ ఆకుల అంచున గుండ్రంగా, నున్నగా కోసిన గుర్తులు కనబడ్డాయా మీకు? కనబడగానే మందు సీసా అందుకున్నారా? ఆగండాగండి, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. అది గొంగళి పని కాదు. గొంగళి నమిలితే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇది ఆకులు కోసే తేనెటీగ చేసిన పని. కోసిన ముక్కను అది తినదు. కాళ్ళ మధ్య ఇరికించుకుని ఎగిరిపోయి, ఎక్కడో ఒక బెజ్జం చూసుకుని అందులో పిల్లకి గది కడుతుంది. గోడలకి కోలగా ఉండే ముక్కలు, మూతకి గుండ్రటివి. గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద ఉంచి, ఒకే ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది. ఆ గదిని ఆనుకుని ఇంకోటి, దాన్ని ఆనుకుని మరోటి. రాణి లేదు, పట్టు లేదు, సాయం చేసే అక్కచెల్లెళ్ళు లేరు. ఒక్కత్తే తల్లి ఇల్లు కట్టి, తిండి సమకూర్చి, తన దారిన తను పోతుంది.

ఇవేవో అరుదైనవి అనుకునేరు. ప్రపంచంలో ఇప్పటిదాకా గుర్తించిన తేనెటీగ జాతులు 20,000 పైనే. వాటిలో ఎక్కువ భాగం ఇలా ఒంటరిగా బతికేవే. మన కందిచేలల్లో పూత మీద తిరిగే వాటిలో ఈ ఆకుకోత బంధువర్గం ముఖ్యమైనది. పటాన్‌చెరులో 1972లో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో సంకర కంది వంగడాలు తయారుచేసినప్పుడు, పుప్పొడి లేని ఆడ వరుసల పక్కన పుప్పొడి ఉన్న మగ వరుసలు వేసి, మధ్యలో పుప్పొడి మోసే పనిని ఈగలకే అప్పజెప్పారు. అన్నంలోకి కందిపప్పు కలుపుకునే మనం వీటి బాగోగులు చూడటం న్యాయమే కదండీ.

ఒకప్పుడు చూడనక్కర్లేకపోయేది. తాటాకు ఇంటి వెదురు వాసాలు, మట్టి గోడలో పగుళ్ళు, పెరట్లో కట్టెల మోపు, బీరపాదుకి వేసిన వెదురు పందిరి, ఎండిన ఆముదపు కాడల దడి. ఇవన్నీ మన అవసరానికి కట్టుకున్నవి, వాటి అవసరమూ తీరిపోయేది. ఇప్పుడు శ్లాబు, టైల్సు, ఇనప పైపుల పందిరి, ప్రహరీ దాకా సిమెంటు. పూలమొక్కలు మాత్రం కుండీల నిండా పెంచుతున్నాం. పూలకొచ్చేవి రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి, పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే ఇంటికో చిన్న సత్రం కట్టమంటున్నాను, చెక్కతో.

బజార్లో అమ్ముతున్నారుగా అంటారా? చూశాను. ముద్దుగా ఉంటాయి. అరకో రకం సరుకు: పైన్ కాయలు, గడ్డి, చెక్క పేడు. చూడటానికి తప్ప ఈగకి పనికొచ్చేవి వాటిలో తక్కువ. బొంగు ముక్కలు పొట్టిగా, రెండువైపులా తెరుచుకుని ఉంటాయి, లోపల పేళ్ళు రేగి ఉంటాయి. రెక్క చిరిగే చోట ఏ ఈగా దూరదు. మీరే చేసుకోండి, ఒక మధ్యాహ్నం చాలు.

చెక్క ముందు. తలుపులు చేసే వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్క గానీ, ఎండిన మామిడి, తుమ్మ దుంగ గానీ తెచ్చుకోండి. రంగు, వార్నిషు, చెదల మందు తగలనిదై ఉండాలి. బెజ్జాలు ఎటునుంచి వెయ్యాలన్నది తెలుసుకోవలసిన సంగతి. దుంగ కోసినప్పుడు వలయాలు కనిపించే చివర ఉంటుంది చూడండి, అటు వెయ్యకూడదు. ఎండకి అటే పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోంచి తడి, బూజు, దొంగ పురుగులు వస్తాయి. బెరడు ఉండే పక్కనుంచి వెయ్యాలి. 4 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా రకరకాల బిట్లతో, రెండేసి సెంటీమీటర్ల ఎడం ఇచ్చి తొలవండి. అవతలికి పొడుచుకు రానివ్వకండి, వెనక మూసి ఉంటేనే అది ఇల్లు. మూతి దగ్గర సాండ్ పేపరుతో నున్నగా రుద్ది, పొట్టు దులిపేయండి.

లోతు 15 సెంటీమీటర్లయినా ఉండాలంటాను. పొడుగు బిట్టు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఫ్రాన్స్‌లో ఝాఁ హెన్రీ ఫాబ్రె అనే మహానుభావుడు 19వ శతాబ్దంలోనే రెల్లు గొట్టాలూ గాజు గొట్టాలూ పెట్టి, ఆస్మియా అనే ఒంటరి ఈగలు వాటిలో గదులు కట్టుకుంటుంటే కళ్ళారా చూసి రాశాడు. తల్లి లోపలి గదుల్లో ఆడపిల్లల్ని పెడుతుంది, గుమ్మం వైపు మగపిల్లల్ని. మగవే ముందు బయటికొస్తాయి. గొట్టం మరీ ఇరుకైనా, పొట్టిదైనా మగ గుడ్లే ఎక్కువ పెడుతుంది. ఏ గుడ్డు ఎక్కడ పెట్టాలో చోటుని బట్టి తల్లే తేల్చుకుంటుందన్నమాట! మన బద్ధకం కొద్దీ రెండంగుళాల బెజ్జం వేస్తే, వచ్చే ఏడు గూళ్ళు కట్టేందుకు ఆడవి మిగలవు. జపాన్‌లో ఆపిల్ రైతులు 1940ల నుంచే ఆ ఆస్మియా జాతుల్లో ఒకదానికి రెల్లు కట్టలు వేలాడదీసి, తోటల్లో కాపు పట్టించుకుంటున్నారు.

మనకి రెల్లు కంటే వెదురు మేలు. వెదురులో కణుపు ఉంది, అదే వెనక గోడ. కణుపు వెనకగా రంపంతో కోస్తే ముందు తెరుచుకుని, వెనక మూసుకుని, కావలసిన గొట్టం సిద్ధం. సన్నవీ లావువీ కలిపి, కదలకుండా తాడుతో బిగించి ఒక చెక్క పెట్టెలో దిట్టంగా సర్దండి. దుంగ కూడా అందులోనే పక్కన కూర్చుంటుంది. పైకప్పు ముందుకి ఒక బెత్తెడు రావాలి, లేకపోతే తుపాను జల్లుకి అన్నీ తడిసి బూజు పడతాయి.

లావు బొంగులు మాత్రం మరిచిపోకండి. అవి తుమ్మెదకి. నల్లగా నిగనిగలాడుతూ గుయ్యిమని తిరిగేదాన్ని చూసి పిల్లలు భయపడతారు గానీ, మగ తుమ్మెదకి కొండే లేదు, ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. దాని విద్య చూడండి. వంగపువ్వులో పుప్పొడి తిత్తులకి కొసన మాత్రమే చిన్న రంధ్రాలుంటాయి. తుమ్మెద పువ్వుని కావలించుకుని, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలని మాత్రం ఝుమ్మనిపిస్తుంది. ఆ అదురుకి పుప్పొడి జలజలా రాలుతుంది. పట్టు పెట్టే తేనెటీగలకి ఈ విద్య రాదు. తుమ్మెద ఇంటి దూలాలు తొలిచేస్తుందని తరిమేస్తారు కదా, దానికి ఎండిన బొంగు చూపించండి, దూలం జోలికి అంతగా రాదు.

కందిరీగలు కూడా వస్తాయి మరి. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు దాదాపు 600 గూళ్ళు పెట్టి మూడేళ్ళు చూసి, 2015లో అచ్చువేశారు. ఏటా వాటిలో ఇంచుమించు ముప్పాతికలో ఒంటరి కందిరీగలే చేరాయట. అది చూసి గూళ్ళ మీద పెదవి విరిచినవాళ్ళున్నారు. పెరట్లో కూరగాయలు పండించే నాకు అది శుభవార్త. భ్రమరకీట న్యాయం విన్నారుగా? భ్రమరం ఒక పచ్చపురుగుని తెచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మంటుంది, ఆ పురుగు భ్రమరాన్నే తలుచుకుంటూ భ్రమరమైపోతుంది, అలాగే జీవుడు బ్రహ్మాన్ని ధ్యానిస్తూ బ్రహ్మమవుతాడని వేదాంతులు చెప్పేది. ఆ చూసిన కళ్ళకి దండం పెట్టాలి. పురుగుని తేవడం, గూట్లో మూయడం, కొన్నాళ్ళకి రెక్కలతో ఒకటి బయటికి రావడం, మూడూ నిజాలే. మధ్యలో జరిగేది మాత్రం వేరు. కందిరీగ పొడిచి పురుగుని చంపకుండా కదలిక మాత్రం పోగొడుతుంది, అందుకే అది కుళ్ళదు. దాని దగ్గర గుడ్డు పెట్టి మూసేస్తుంది. పుట్టిన పిల్ల ఆ పురుగుని తిని పెరుగుతుంది. మీ టమాటా తోటలో తగ్గిన గొంగళి, ఆ గూట్లో ఉన్నదన్నమాట. గూడుకి కాపలా కాసే గుంపు లేదు కాబట్టి ఇవి మన మీదికి రావు.

ఎక్కడ పెట్టాలంటే, తూర్పు మొహంగా, ఛాతీ ఎత్తున, ఊగకుండా. చలిదేశాల పుస్తకాలు రోజంతా ఎండ తగలాలంటాయి. రోహిణి కార్తె ఎండ చూసినవాళ్ళెవరూ ఆ మాట వినకూడదు, పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నానికి నీడ రావాలి. చెదలు ఎక్కకుండా ఇనప గొట్టం మీద నిలబెట్టండి. చీమలకి పాలగిన్నె కింద నీళ్ళ పళ్ళెం పెట్టినట్టే, గొట్టం అడుగున నీళ్ళ మూకుడు. బల్లులూ పిట్టలూ ముక్కు పెట్టకుండా నాలుగు వేళ్ళు ముందుకి వైరు వల కట్టండి. మందులు ఆ చుట్టుపక్కల కొట్టకండి, చీమల సుద్ద కూడా వద్దు.

మూతి మట్టితోనో ఆకుతోనో మూసుకుంటే లోపల సంసారం ఉన్నట్టు. దాన్ని కదపకండి. పాతబడిన బొంగులు ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే పురుగులూ బూజూ చేరి పిల్లల్ని చంపుతాయి. వాటిని తీసి, ఒక చిన్న కంత ఉన్న చీకటి పెట్టెలో ఉంచి సత్రం పక్కనే పెట్టండి. పుట్టినవి వెలుతురు చూసుకుని కంతలోంచి బయటికొస్తాయి, మళ్ళీ ఆ చీకట్లోకి పోక కొత్త బొంగులే వెతుక్కుంటాయి. ఖాళీ అయినవి పొయ్యిలో వేసేయొచ్చు.

ఇంకొక్క మాట. తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం నేలలోనే బొరియ చేసుకుంటాయి, వాటికి ఏ బొంగూ పనికిరాదు. కాబట్టి పెరట్లో ఒక మూల, మంచం పట్టేంత చోటు, సిమెంటు వెయ్యకుండా, తవ్వకుండా, ఎండ తగిలేలా వదిలెయ్యండి. దాని పక్కన మూకుడులో కాస్త బంకమన్ను తడిపి ఉంచండి, వేసవిలో రోజూ నీళ్ళు చల్లుతూ. గూళ్ళకి మూతలు వేసుకునే కందిరీగలు అక్కడికే వస్తాయి.