టెర్రస్ తాళం తీయండి

2012లో గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెంతో సహా పది ఊళ్లు గుంటూరు కార్పొరేషన్‌లో కలిశాయి. పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ తిండి అలవాట్లు మారలేదు. ఎండాకాలం వస్తే ఏడాదికి సరిపడా మిరపకాయలు తొడిమలు తీసి, గలగలలాడేదాకా ఎండబెట్టి కారం పట్టించాల్సిందే. చెమ్మ మిగిలితే బూజు పడుతుంది. బాల్కనీలో అంత ఎండ రాదు. ఎండ కాసేది టెర్రస్ మీద, చాలాచోట్ల దానికే తాళం. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు ఉమ్మడి ఆస్తి, ప్రతి ఫ్లాటుకూ అందులో వాటా ఉంది. పిల్లలు పడిపోతారని, నీళ్ల ట్యాంకులు పాడవుతాయని అంటారు. ఆ భయం నిజమైనదే. అందుకని ట్యాంకు మూతలకు తాళాలు వేద్దాం, పెద్దవాళ్లు పైన ఉన్నప్పుడే తలుపు తీద్దాం. ఘాటంటారా, కారం పట్టేది మిల్లులో, పైన ఎండేవి కాయలే. ఈసారి అసోసియేషన్ మీటింగులో గట్టిగా అడగండి. అద్దెకున్నవాళ్ల తరఫున కూడా అడగండి, అక్కడ వాళ్ల మాట వినేవాళ్లు తక్కువ.