మెమెంటో పుట్టిన ఊరిలో

సన్మాన సభల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టే గాజు పలక పేరు నిజానికి ఒక లాటిన్ ఆజ్ఞ. దాని అర్థం వెతుక్కుంటూ రోమ్ వీధుల్లో రెండు రోజులు

మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ముందు గదిలోని అద్దాల బీరువా తెరిచి లెక్కపెడితే 43 మెమెంటోలు తేలాయి. ఉపాధ్యాయ దినోత్సవానివి కొన్ని, పూర్వ విద్యార్థుల సమ్మేళనాలవి కొన్ని, ఊళ్లో జాతరకు ముఖ్య అతిథిగా పిలిచి ఇచ్చినవి కొన్ని. సగానికి పైగా వాటి మీద పేరు చెక్కిన రేకు ఊడిపోయింది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలియదు. పాత సామాన్లు కొనే అతను ఇత్తడివి నాలుగు తీసుకుని, గాజువీ ఫైబర్‌వీ తూకానికి కూడా పనికిరావన్నాడు. పారేయడానికి అమ్మకు మనసొప్పలేదు. ఉంచడానికి నా ఫ్లాట్‌లో చోటు లేదు. ఆ తగువు తేలకుండానే ఆఫీసు పని మీద ఇటలీ వెళ్లాను. పని మిలాన్‌లో. అది ముగిశాక చేతిలో రెండు రోజులు మిగిలితే రైలెక్కి రోమ్‌లో దిగాను.

కొలోసియం దగ్గర టికెట్ల వరస పొడుగ్గా ఉంది. నా వంతు వచ్చేసరికి కిటికీ వెనక అమ్మాయి వేలు చూపించి, “ఊన్ మొమెంతో” అంది. ఒక్క క్షణం ఆగమని. నాకు నవ్వొచ్చింది. మనవాళ్లలో చాలామంది మెమెంటోను మొమెంటో అనే పలుకుతారు. పత్రికల్లోనూ అలాగే అచ్చవుతుంది. ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు, ఇంగ్లిష్‌వాళ్లూ చేస్తారు. కానీ రెండు మాటలకూ చుట్టరికం లేదు. మొమెంతో అంటే క్షణం. మెమెంటో అంటే గుర్తుంచుకో.

అవును, అది క్రియాపదం. ఎదుటివాడికి నేరుగా ఇచ్చే ఆజ్ఞ. ‘మెమినిస్సె’ అనే ఆ లాటిన్ క్రియకు ఒక వింత ఉంది. దాని రూపం భూతకాలానిది, అర్థం వర్తమానానిది. ఎప్పుడో మనసులోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు గుర్తుంది అని లెక్క. ఇక ‘మెమెంటో’ అనే రూపాన్ని వ్యాకరణవేత్తలు భవిష్యత్ ఆజ్ఞార్థకం అంటారు. ఇవాళ చేసి చేతులు దులుపుకోవడం కాక, ఇకముందూ అలాగే నడుచుకోవాలని చెప్పే రూపం అది. రోమన్లు శాసనాల్లో, వీలునామాల్లో వాడింది ఆ రూపాన్నే. అలా ఒక్క మాటలోనే మూడు కాలాలూ ఇమిడిపోయాయి. అంతేకాదు, మన ‘మనసు’కు మూలమైన సంస్కృత ‘మనస్’, ఈ ‘మెమినిస్సె’ ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టాయని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. ‘ఈ మాట మనసులో పెట్టుకోరా’ అని ఇంట్లో పెద్దవాళ్లు అన్నప్పుడు వాళ్లకు తెలియకుండానే లాటిన్‌కు దగ్గరి మాట అంటున్నారన్నమాట.

విజేత వెనక బానిస

కొలోసియం నుంచి రోమన్ ఫోరమ్ వైపు నడిస్తే పవిత్ర వీధి అని పేరున్న పాత రాళ్ల బాట వస్తుంది. రెండు వేల ఏళ్ల రాకపోకలకు నున్నబడిన నల్లరాళ్లు. చెప్పులు జాగ్రత్తగా చూసుకోకపోతే జారతాయి. ఆ బాట ఎత్తులో టైటస్ తోరణం నిలబడి ఉంటుంది. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయాన్ని నేలమట్టం చేసిన టైటస్‌కు, ఆయన పోయాక 81 ప్రాంతంలో తమ్ముడు డొమీషియన్ కట్టించిన గుర్తు ఇది.

యుద్ధం గెలిచి వచ్చిన సేనానికి రోమ్ చేసే ఊరేగింపును ట్రయంఫ్ అనేవారు. నాలుగు గుర్రాల రథం, ముందు కొల్లగొట్టిన సొత్తు, సంకెళ్లలో శత్రువులు, దారి పొడవునా జనం జేజేలు. చివరికి కాపిటోల్ కొండ మీద జూపిటర్ గుడి చేరేవారు. ఆ ఒక్క రోజు సేనాని దేవుడితో సమానం. అయితే అదే రథంలో, అతని వెనక ఒక బానిస నిలబడేవాడు. విజేత తల మీద బంగారు కిరీటం పట్టుకోవడం అతని పని. ఇంకో పని కూడా ఉండేదని 2వ శతాబ్దం చివర్లో కార్తేజ్ నగరానికి చెందిన క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. వెనక్కి చూసుకో, నువ్వు మనిషివేనని మరిచిపోకు అని చెవిలో చెప్పడం. అక్కడ వాడిన క్రియ మెమెంటోనే. గైడ్లు మాత్రం బానిస ‘మెమెంటో మోరి’, అంటే ‘చావాల్సిందేనని గుర్తుంచుకో’ అనేవాడని చెబుతారు. ఆ జంట పదం ఊరేగింపులో వినిపించినట్టు ప్రాచీన రచయితలెవరూ రాయలేదు. అది తర్వాతి క్రైస్తవ యుగంలో ఊపందుకున్న మాట.

తోరణం లోపలి గోడ మీద 71 నాటి టైటస్ ఊరేగింపు చెక్కి ఉంది. రథం ఉంది, గుర్రాలున్నాయి. బానిస కోసం వెతికాను. కనిపించలేదు. ఆ చోట రెక్కల విజయదేవత నిలబడి కిరీటం పడుతోంది. రాతిలో శాశ్వతంగా నిలవబోయే చోట చెవిలో పోరేవాడు ఎందుకనుకున్నారేమో. ఎదుటి గోడ మీద జెరూసలేం ఆలయం నుంచి ఎత్తుకొచ్చిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాలకెత్తుకున్నారు. గెలిచినవాడి కోసం చెక్కిన ఆ దీపాన్ని ఓడినవాళ్లు మరిచిపోలేదు. 1949లో ఇజ్రాయెల్ ఏడు కొమ్మల దీపాన్నే రాజ్యచిహ్నంగా తీసుకుంది. గుర్తు చేసేదొకరైతే, గుర్తుంచుకునేది ఇంకొకరు.

అక్కడ నిలబడితే మన సన్మాన సభలు మెదిలాయి. శాలువా, గజమాల, కనకాభిషేకం, స్థాయిని బట్టి కిరీటం, గండపెండేరం. సరంజామా అంతా రోమన్లకు తీసిపోదు. వెనక నిలబడి చెవిలో చెప్పేవాడే లేడు. అతని మాటను మాత్రం గాజు పలకగా పోతపోసి చేతిలో పెడుతున్నాం.

ఎముకల గదులు

మెట్రోలో బార్బెరినీ స్టేషన్‌లో దిగితే ఎదురుగా బెర్నిని చెక్కిన ట్రైటన్ ఫౌంటెన్. పోప్ 8వ అర్బన్ చేయించాడు. ఆయన వంశానికి గుర్తయిన తేనెటీగలు దాని మీద కనిపిస్తాయి. అక్కణ్నుంచి వయా వెనెటో ఎక్కి రెండు నిమిషాలు నడిస్తే కపుచిన్ సన్యాసుల చర్చి. ఇదీ అదే పోప్ హయాంలో కట్టిందే. ఆయన సొంత తమ్ముడు, కార్డినల్ అంటోనియో బార్బెరినీ కపుచిన్ సన్యాసి. తమ్ముడి సమాధి రాయి మీద పేరు లేదు, బిరుదులూ లేవు. ఇక్కడున్నది ధూళి, బూడిద, ఆపైన శూన్యం అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలు మాత్రమే ఉన్నాయి. అన్న గుర్తు ఫౌంటెన్ మీద, తమ్ముడి గుర్తు నేల మీద. మధ్య దూరం రెండు నిమిషాలు.

ఈ చర్చికి జనం వచ్చేది నేలమాళిగ కోసం. 1631లో సన్యాసులు పాత మఠం నుంచి మారుతూ తమ పూర్వీకుల అస్థికలను బండ్ల మీద వెంట తెచ్చుకున్నారు. ఆ తర్వాత 19వ శతాబ్దం దాకా పోయినవారి ఎముకలూ చేరి, సుమారు 3,700 మంది అవశేషాలు వరస గదుల్లో ఉన్నాయి. ఉండటమంటే గుట్టగా పోయడం కాదు. పుర్రెలతో తోరణాలు, తొడ ఎముకలతో గోడలు, వెన్నుపూసలతో పైకప్పు మీద పువ్వులు, ఎముకలతోనే వేలాడే దీపాలు. గోధుమరంగు అంగీలు తొడిగిన అస్థిపంజరాలు తల వంచుకుని నిలబడి ఉంటాయి. ఒక గదికి కటి ఎముకల పేరు, ఇంకో గదికి కాలి ఎముకల పేరు. ఫొటోలు తీయనివ్వరు. చివరి గదిలో ఒక పలక మీద, ఇప్పుడు మీరున్నట్టే మేముండేవాళ్లం, మేమున్నట్టే మీరవుతారు అన్న భావం ఉంటుంది. 1867లో ఇది చూసిన అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ తన యాత్రా పుస్తకంలో దీని మీద కొన్ని పేజీలు వెచ్చించాడు.

కనిపించినంత సేపు గుండె బరువెక్కిన మాట నిజం. బయటికొచ్చి ఎదుటి కాఫీ దుకాణంలో కపుచినో చెప్పాను. ఆ కాఫీ పేరు కూడా ఈ సన్యాసుల అంగీ రంగు నుంచి వచ్చిందే. కప్పు సగమయ్యేలోపే నా ధ్యాస హోటల్ బిల్లు మీదకు, రేపటి విమానం మీదకు మళ్లింది. శ్మశాన వైరాగ్యమని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎంత ఎముకల గుట్ట చూపించినా దాని ఆయుష్షు ఒక కప్పు కాఫీ.

మరి ఆజ్ఞ వస్తువుగా ఎలా మారింది? దారి చర్చిలోంచే. లాటిన్ పూజలో బతికున్నవారి కోసం ఒక ప్రార్థన, పోయినవారి కోసం ఒక ప్రార్థన ఉంటాయి. రెండూ ‘మెమెంటో’ అన్న మాటతోనే మొదలవుతాయి. ‘ప్రభూ, వీరిని జ్ఞాపకం చేసుకో’ అని. ఇక్కడ ఆజ్ఞ దేవుడికే. 1400 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి ఈ మాట ఆ ప్రార్థన పేరుగానే వెళ్లింది. 16వ శతాబ్దానికి హెచ్చరిక చేసే వస్తువైంది. 18వ శతాబ్దంలో ఊరెళ్లొచ్చిన గుర్తుగా అల్మరాలో పెట్టుకునే బొమ్మయింది. మన దగ్గరికి వచ్చేసరికి షీల్డు అయింది. పాత అర్థం మన నేల మీద పూర్తిగా పోలేదు. ఏటా విభూది బుధవారం నాడు తెలుగు కథోలిక గుళ్లలోనూ గురువు నుదుట బూడిద రాస్తూ, మట్టి నుంచి వచ్చావు, మట్టిలోనే కలుస్తావని గుర్తు చేస్తారు. ఆ వాక్యానికి లాటిన్‌లో మొదటి మాట మెమెంటో. సినిమా అభిమానులకు ఈ పేరు ఇంకోలా తెలుసు. క్రిస్టఫర్ నోలన్ 2000లో తీసిన ‘మెమెంటో’ ప్రేరణతోనే 2005లో ‘గజిని’ వచ్చింది. జ్ఞాపకం నిలవని మనిషి ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటాడు. తనకు తానే ఆజ్ఞలు రాసుకోవడమది.

శవాలు మోసిన సంఘం

రెండో రోజు టైబర్ నది పక్కన వయా జూలియాలో నడిచాను. తీగలు అల్లుకున్న ఫార్నెసె వంతెన తోరణం పక్కనే ఒక చర్చి. పేరు ‘ప్రార్థన, మృత్యువుల మరియమాత’. తలుపు మీద రెక్కలు తొడిగిన పుర్రెలు. గోడకు చెక్కిన పలకల మీద అస్థిపంజరాలు. ఒకదాని మీద ‘నేడు నాకు, రేపు నీకు’ అని లాటిన్‌లో ఉంది. నిన్నటి తంతే కాబోలనుకుని ముందుకు సాగబోయాను. ఇంకో పలక ఆపేసింది. దాని మీద 1694 అని సంవత్సరం ఉంది. కింద డబ్బులు వేయడానికి సన్నటి రంధ్రం. పొలాల్లో దొరికే పేదవాళ్ల శవాల కోసం భిక్ష అని దాని సారాంశం.

ఈ చర్చి ఒక సంఘానిది. 16వ శతాబ్దంలో మొదలైంది. రోమ్ వీధుల్లో, నదిలో, చుట్టుపక్కల పొలాల్లో దిక్కులేకుండా పడి ఉన్న శవాలను భుజాన మోసుకొచ్చి అంత్యక్రియలు చేయడం సభ్యుల పని. 1552 నుంచి 1896 దాకా 8 వేలకు పైగా శవాలకు ఆ రుణం తీర్చారు. వాళ్ల నేలమాళిగ శ్మశానంలో చాలా భాగం 19వ శతాబ్దం చివర్లో టైబర్ కరకట్టల నిర్మాణానికి పోయింది. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే యజ్ఞఫలమని మన పెద్దలూ అంటారు. కాశీ నుంచి హైదరాబాద్ దాకా ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నాకు మెమెంటో అర్థం తెలిసింది ఆ రంధ్రం దగ్గర. కపుచిన్ల ఎముకలు నాకు చావును చూపించాయి. ఈ పలక నాకు పని చెప్పింది. ఆజ్ఞ అంటే అదే కదా. ఆజ్ఞ వింటే సరిపోదు, లేచి ఏదో ఒకటి చేయాలి. మెమెంటో అన్న మాటకు మన భాషలో ‘జ్ఞాపిక’ అని పేరు పెట్టిన వారెవరో గానీ సరిగ్గా పెట్టారు. జ్ఞాపిక అంటే జ్ఞాపకం చేసేది. చేయకపోతే అది ఫైబర్ ముక్క.

ఇంటికొచ్చాక బీరువా మళ్లీ తెరిచాం. అడుగు అరలో షీల్డుల వెనక ఒక నోటు పుస్తకం దొరికింది. మొదట తీసి చూడనే లేదు. నాన్నగారి దస్తూరీలో పైన ‘మెమోరాండం’ అని ఉంది. ఉద్యోగులకు మెమో అంటే దడ గానీ, లాటిన్‌లో దాని అర్థం గుర్తుంచుకోవలసినది అని. లోపల పేర్లు. ఏ ఏడాది, ఏ పిల్లవాడికి, పదో తరగతి పరీక్ష ఫీజు ఎంత కట్టారో వరసగా ఉంది. అమ్మకు కూడా తెలియదు. ఆ పేర్లలో ఒక్కటి కూడా షీల్డుల మీద లేదు.

చెక్కవి, మంచివి పదకొండు స్కూలుకు ఇచ్చాం. అమ్మ కోరిక మీద రెండు ఉంచాం. మిగతావి పారేశాం. నోటు పుస్తకం నా బల్ల మీద ఉంది. పరీక్ష ఫీజు కట్టే గడువు ఎప్పుడని స్కూలుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. చివరి పేజీలో ఖాళీ గీతలు ఇంకా చాలానే ఉన్నాయి.